నూటరెండు

ఆదివారం.
నగరిలో అద్దకం షెడ్లన్నీ మూసిన పొద్దు.
నా గోళ్ల సందుల్లో మాత్రం
శనివారం నాటి పసుపు అట్లే ఉండాది.

చాప మీద పొట్లాలు గుమ్మరించినాం.
జెల్లీ బిళ్లలు, రూపాయి జ్యూసు గొట్టాలు,
సగం తిన్న కారప్పూస కవరు,
చిన్నోడి నిక్కరు జేబులో దొరికిన
నలిగిన చాక్లెట్ కాగితం ఒకటి.

వాడు మంచం మీద గోక్కుంటా ఉండాడు.
వీపంతా చింతగింజలంత దద్దుర్లు.
పుత్తూరు డాక్టరమ్మ మందుచీటీ వెనక
ఒక నెంబరు రాసిచ్చింది: 102.
"అందరికీ ఏమీ కాదు. ఎవరో కొందరికి పడదు.
మీవాడు ఆ కొందరిలో ఉన్నాడేమో,
ఒక నెల మాన్పించి చూడండి" అనింది.

బస్సుకు నెంబరుంటే
ఎక్కడికి పోతాదో పక్కనే రాసుంటాది.
తిండికి నెంబరెందుకమ్మా అంటే
ఆరో తరగతి కుముద
నేను నూలు పోగులు లెక్కబెట్టే భూతద్దం లాక్కోని
చీమకాళ్ల అక్షరాల మీద ఆనించి
కూడబలుక్కుంటా చదివింది:
"పర్మిటెడ్... సింథటిక్... ఫుడ్ కలర్."
పర్మిటెడ్ అంటే?
"ఒప్పుకున్నారని, నాయినా."
ఎవరు?
కుముద పొట్లం తిప్పి చూసింది.
అవతలి పక్క మామిడిపండు నవ్వతా ఉండాది,
ఆకుతో సహా.

మామిడంటే మాకు తెలవదా?
దామలచెరువు మండీలో లారీలకెత్తే
తోతాపురి రసం మొదట బంగారం,
గిన్నెలో గంటసేపుంటే పాత పంచె అంచు.
ఇంట్లో పిండి ఇస్తే చిన్నోడు గ్లాసు నెట్టేసినాడు.
"ఇది మామిడి కాదు. పసుపుగా లేదు."

వాణ్ణి కసరడానికి నాకు నోరు రాలేదు.
పద్దెనిమిదేండ్లుగా నేను చేసే పని అదే గదా,
ఉత్తగా, తెల్లగా ఉన్నదాన్ని తొట్లో ముంచి
కొనేవాడి కన్ను
అంగడి గడప దాటకుండా చెయ్యడం.

సోమవారం షెడ్డులో
ఏకాంబరం మేస్త్రికి చీటీ చూపించినా.
ఆయప్ప అద్దాలు నుదుటి మీదికి తోసి
చాలాసేపు చూసినాడు.
మూల డ్రమ్ము దగ్గరికి నడిచినాడు,
మేం నిమ్మపసుపు అని పిలిచేది,
పట్టు చిలపలకు వాడేది.
గుడ్డతో దాని పక్క తుడిచినాడు.
రోజూ నా మోచెయ్యి ఆనే చోట, ఇంగ్లీషులో:
యాసిడ్ ఎల్లో 23.

"రెండూ ఒకే బిడ్డరా మొగిలీ" అన్నాడు.
"టార్ట్రజీన్ అంటారు దీన్ని.
బడిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు,
మేనమామ ఊర్లో ఇంకో పేరు ఉండదా మనోళ్లకు?
తిండిలోకి పోయేదాన్ని
కడిగి, వడగట్టి, పరీక్ష రాయించి పంపిస్తారు.
ఇది పరీక్ష రాయనిది.
తెలిసింది గదా అని నోట్లో పెట్టుకునేవు!"
ఆయప్ప నవ్వినాడు.

పద్దెనిమిదేండ్లు పక్కపక్కన పనిచేసినాం.
నేను దాని పేరు అడగలేదు.

షెడ్డు వెనక కాలవ
ఒకనాడు ఎర్రగా, ఒకనాడు నీలంగా
కుశస్థలి వైపు పోతానే ఉంటాది.
దానికి ఏ పక్కా అక్షరాలు లేవు,
భూతద్దం పెట్టినా.

ఆ సాయంత్రం
సబ్బు, కిరసనాయిలు, చింతపండు,
ఎన్ని పూసినా వేళ్లు తెల్లబడలేదు.
చిన్నోడికి అన్నం కలపడానికి
గరిటె తీసుకున్నా.
"చేత్తో పెట్టు" అని వాడి అలక.
గరిటెతోనే పెట్టినా. ఎందుకో చెప్పలేదు.

ఇప్పుడు మా గోడ మీద, క్యాలెండరు పక్కన,
కుముద రాసిన పట్టీ ఒకటి ఉండాది.
102 కింద దాని పేర్లు,
ఆఖరున ఒక ఖాళీ గీత.
"ఇదెందుకు?" అంటే
"ఇంకో పేరుతో వస్తే రాసుకోడానికి" అనింది.

చీటీని మేకుకు గుచ్చబోతా తిప్పి చూసినా.
ముందు పక్క డాక్టరమ్మ చేతిరాత:
దయానిధి, ఐదేండ్లు.
ఒక్క గడియ,
ఇదెవరబ్బా అనుకున్నా.